వినపడని బిడ్డకు ఏ వాక్కు?

చెవి వినపడదు, ఎదుగుదలా వెనకబడింది. ఈ రెండూ కలిసి వచ్చిన బిడ్డకు మాట ఏ దారిన అందించాలన్నది పైకి డాక్టర్ల ప్రశ్నలా కనిపిస్తుంది. వినికిడి యంత్రమా, కాక్లియర్ ఇంప్లాంటా, సైగభాషా, బొమ్మల కార్డులా, అన్నీ కలిపా అని తల్లిదండ్రులు అడుగుతారు. వీటిలో ఏది చెప్పాలన్నా ముందు రెండు విషయాలు తేల్చుకోక తప్పదు. నోట పలికినదే వాక్కా, లేక లోపలి భావం ఇంకొకరికి చేరే దారి ఏదైనా వాక్కేనా అన్నది మొదటిది. తన ఇష్టం ఇంకా చెప్పుకోలేని బిడ్డ తరఫున ఆ దారిని ఎంచే అధికారం పెద్దలకు ఎక్కడిది, ఎంతవరకు అన్నది రెండోది. మొదటి ప్రశ్న మీద మన దర్శనకారులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. రెండోది ధర్మానికి సంబంధించినది.

కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఈ రెండింటికి మూడో ప్రశ్న తోడవుతుంది. ఏ భాషలో? బంగారుపేట దగ్గర చీలిన రైలు దారికి చివరి స్టేషన్ మారికుప్పం. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల పని చేపట్టాక ఉత్తర ఆర్కాడు వైపు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ తెలుగువాళ్లు వచ్చి కూలి లైన్లలో స్థిరపడ్డారు. కన్నడం సర్కారు భాష. బజారులో ఉర్దూ వినిపిస్తుంది, గని ఆఫీసుల్లో ఇంగ్లీషు నడిచింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఎంతోమంది తెల్లవారుజామునే రైలెక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. ఇంట్లో అవ్వది తెలుగు, వీధిది తమిళం, బడిది కన్నడం. వినపడే బిడ్డకు ఇది ఆస్తి. ఎవరూ నేర్పకుండానే మూడు భాషలూ వచ్చేస్తాయి. వినికిడి తక్కువై, నేర్చుకోవడం నిదానమైన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అదే ఆస్తి బరువులా కనిపించి, ఇంటివాళ్లు ఏ భాషను వదులుకోవాలా అని లెక్కలు వేయడం మొదలుపెడతారు.

ఈ రెండు లోపాలు ఒకదాన్నొకటి దాచిపెడతాయి. పిలిస్తే తిరగని బిడ్డను చూసి, బుద్ధి ఎదగలేదు కాబట్టి పట్టించుకోవడం లేదంటారు. దాంతో చెవుడు బయటపడదు. మరో ఇంట్లో చెవుడు ముందే తేలుతుంది. ఆ తర్వాత బిడ్డ కళ్లలోకి చూడకపోయినా, చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తున్నా, నడక ఆలస్యమైనా అన్నిటినీ చెవుడు ఖాతాలోనే వేస్తారు. ఆటిజం గాని సెరిబ్రల్ పాల్సీ గాని ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. అమెరికాలో గాలడెట్ విశ్వవిద్యాలయం బధిర విద్యార్థుల మీద జరిపిన సర్వేల్లో సుమారు 40 శాతం మందికి మరేదో ఒక లోపం కూడా ఉన్నట్టు తేలింది. కాబట్టి ఈ బిడ్డ ఎక్కడో నూటికో కోటికో కనిపించే బిడ్డ కాదు. చెవిటి పిల్లల బడికో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడికో తీసుకెళితే రెండు చోట్లా "మా దగ్గర కుదరదు" అనిపించుకునే బిడ్డ.

కారణాలు చాలావరకు రెండింటికీ ఉమ్మడివే. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్లకు, గుండెకు, చెవులకు, మెదడుకు కూడా దెబ్బ తగలవచ్చు. రుబెల్లాకూ పుట్టుకతో వచ్చే శుక్లాలకూ ఉన్న సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ బయటపెట్టాడు. మన దేశంలో మీజిల్స్, రుబెల్లా టీకాల ప్రచారం 2017 ఫిబ్రవరిలో మొదలైన తొలి రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. పుట్టిన కొద్ది రోజుల్లో కామెర్లు ముదిరితే బిలిరుబిన్ మెదడులోకి చేరి, ఒళ్లు మెలితిరిగే రకం సెరిబ్రల్ పాల్సీని, దానితో పాటు వినికిడి నాడి లోపాన్ని తెస్తుంది. ఈ బిడ్డల్లో లోపలి చెవి పనిచేస్తున్నట్టే ఓఏఈ పరీక్ష చూపిస్తుంది, శబ్దం మాత్రం మెదడుకు తిన్నగా చేరదు. అందుకే శబ్దం మెదడుకు చేరుతోందో లేదో చూడటానికి, బిడ్డను నిద్రపుచ్చి చేసే బెరా పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి మధ్యచెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. దీనికి వైద్యం ఉంది, అది అందక బిడ్డ మొద్దని పేరు తెచ్చుకోవడం చాలా విచారకరం. దక్షిణాదిన మేనరికాలు మామూలు కాబట్టి, తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డలో కలిసి పుట్టుచెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఏ కారణం తేలినా "మా బిడ్డకే ఎందుకు" అన్నది మిగులుతుంది. దానికి ఇంట్లోనూ ఇరుగుపొరుగులోనూ సిద్ధంగా ఉండే జవాబు పూర్వజన్మ కర్మ. ఈ జవాబు తల్లి మీద పడినంత బరువుగా మరెవరి మీదా పడదు. అయితే శాస్త్రాలను చదివితే ఇది ఇంత సులువుగా తేలే విషయం కాదని తెలుస్తుంది. అనుభవించే ప్రతి బాధా పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు, పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, ప్రమాదాలు కూడా బాధలకు కారణాలేనని, అన్నీ పాతకర్మే అనడం తప్పని బుద్ధుడు జవాబిచ్చినట్టు సంయుత్త నికాయం చెబుతుంది. చరక సంహిత విమానస్థానంలో దైవం, పురుషకారం రెండింటి బలాబలాల మీద ఆయుష్షు ఆధారపడుతుందన్న చర్చ ఉంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే వైద్యానికి పనే ఉండదని ఆ వాదం సారం. కర్మను నమ్మినవారు కూడా ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. జరిగినదానికి కర్మ ఒక వివరణ ఇస్తుందేమో గాని, చేయవలసినదాంట్లో రవ్వంత కూడా తగ్గించదు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు కావాలన్నది నేడు ప్రపంచమంతటా అనుసరించే లెక్క. ఈ ప్రాంతంలోని కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడి దగ్గర లింగం ప్రతిష్ఠిస్తామని మొక్కుకోవడానికీ, బెరా పరీక్షకు బెంగళూరు రైలెక్కడానికీ మధ్య విరోధం లేదు. మొక్కు తీరేదాకా పరీక్ష వాయిదా వేయడంలోనే నష్టం ఉంది.

ఇక వాక్కు సంగతి. ఐదో శతాబ్దపు వ్యాకరణ దార్శనికుడు భర్తృహరి వాక్యపదీయంలో, శబ్దంతో ముడిపడని జ్ఞానం లోకంలో లేదన్నాడు. పైపైన చూస్తే ఈ మాట వినపడని బిడ్డను జ్ఞానం గడప బయటే నిలబెట్టేలా ఉంది. కానీ భర్తృహరి దృష్టిలో శబ్దమంటే చెవిన పడే ధ్వని మాత్రమే కాదు. పైకి పలికే వైఖరి, దాని వెనుక మనసులో క్రమంగా రూపుదిద్దుకునే మధ్యమ, ఇంకా లోపల విడివిడిగా చీలకముందు ఉండే పశ్యంతి అని ఆయన వాక్కుకు మెట్లు చూపించాడు. ఇంకా మాటలు రాని పసిపిల్లల చేష్టల వెనుక కూడా శబ్దవాసన ఉందన్నాడు. ఈ లెక్కన వినపడని బిడ్డకు లేనిది వైఖరి ఒక్కటే. లోపలి వాక్కు ఉంది, అది బయటికి రావడానికి దారి కావాలి. ఆ దారి గొంతే కానక్కరలేదు.

ఇంతకన్నా సూటిగా ఈ చిక్కు విప్పేది వైశేషిక దర్శనం. ఆ దర్శనపు ఆచార్యుడు ప్రశస్తపాదుడు ప్రత్యక్షం, అనుమానం అనే రెండే ప్రమాణాలను, అంటే జ్ఞానం కలిగే దారులను, అంగీకరిస్తాడు. శబ్దం వల్ల కలిగే జ్ఞానాన్ని అనుమానంలోనే చేర్చాడు. ఆ వెంటనే చేష్టను కూడా అందులోనే చేర్చాడు. అభినయపు అర్థం ముందే తెలిసినవాడికి చేతి కదలిక చూడగానే విషయం తెలుస్తుంది, అదీ అనుమానమేనని ఆయన అభిప్రాయం. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు శబ్దానికి వేరే పీట వేశారు, కాబట్టి వాళ్ల లెక్కలో మాట ఎక్కువ. వైశేషికంలో మాటా సైగా ఒకే వరసలో కూర్చుంటాయి. రెండూ ఒక ఒప్పందం మీద నిలబడినవే. ఈ గుర్తుకు ఇది అర్థమని ఇద్దరూ ముందుగా తెలుసుకుని ఉంటే అర్థం చేరుతుంది, లేకపోతే ఎంత స్పష్టంగా పలికినా చేరదు. గనుల ఊరికి ఇది పుస్తకాల్లోంచి నేర్చుకోవలసిన సంగతి కాదు. గని బావిలో మనుషులను దించే కేజ్‌ను దించాలన్నా ఎత్తాలన్నా ఆపాలన్నా గంట దెబ్బల సంకేతమే ఆధారంగా ఉండేది. భూమి కింద కిలోమీటర్ల లోతున ఉన్న మనుషులు, పైన ఇంజను దగ్గర ఉన్న మనిషితో నోరు విప్పకుండా మాట్లాడేవాళ్లు. ప్రాణాలు ఆ ఒప్పందం మీదే ఆధారపడేవి.

పశ్చిమంలోనూ ఈ రెండు ధోరణులు కనిపిస్తాయి. ప్లేటో రాసిన క్రాటిలస్ సంభాషణలో, మనకు గొంతూ నాలుకా లేకపోతే మూగవాళ్లలాగే చేతులతో, తలతో, ఒంటితో అర్థాలు చూపించమా అని సోక్రటీస్ అడుగుతాడు. అరిస్టాటిల్ మాత్రం మాట వినిపించేది కాబట్టి తెలివికి చెవే పెద్ద తోడని, పుట్టుగుడ్డివాళ్లు పుట్టు చెవిటిమూగల కన్నా తెలివైనవాళ్లని తేల్చాడు. తరువాతి కాలాల్లో రెండోదే గెలిచింది. మన దగ్గర అలాంటి ఆలోచనే ఆస్తి చట్టంలోకి ఎక్కింది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పుట్టు చెవిటివాళ్లను, మూగవాళ్లను, జడులను తండ్రి ఆస్తిలో వాటాకు అనర్హులంది. తిండీ బట్టా ఇవ్వడం మాత్రం వాటా పొందినవాళ్ల విధి అంది. బ్రిటిష్ కాలపు కోర్టుల్లోనూ ఈ నియమం నడిచింది. 1928లో హిందూ వారసత్వ అనర్హతల తొలగింపు చట్టం వచ్చి చెవిటి, మూగ వారసుల మీది అడ్డంకిని తీసేసింది, పుట్టుకతో మతిస్థిమితం లేనివాళ్లను, బుద్ధి ఎదగనివాళ్లను మాత్రం అలాగే మినహాయించింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్‌తో ఆ మినహాయింపూ పోయింది. ఒక్క చెవుడే ఉన్నవాడికి 1928లో తెరుచుకున్న తలుపు, చెవుడుతో పాటు బుద్ధి లోపమూ ఉన్నవాడికి ఇంకా 28 ఏళ్లు మూసే ఉంది. రెండు లోపాల బిడ్డ గురించి చివరన ఆలోచించడం చట్టానికీ అలవాటే అని ఇది చూపుతోంది.

అయితే అదే చట్టాల లోకంలో సైగకు గౌరవం ఇచ్చిన చోట్లూ ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యం హనఫీ ధర్మశాస్త్రం ఆధారంగా కూర్చిన మెజెల్లెలో, మూగవాడు వాడుకగా చేసే సైగ నోటిమాటతో సమానమన్న సూత్రం ఉంది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 119వ సెక్షన్ మాట్లాడలేని సాక్షి కోర్టులో రాసిగాని సైగలతోగాని చెప్పవచ్చని, దాన్ని నోటి సాక్ష్యంగానే లెక్కించాలని అంది. క్రైస్తవంలో విశ్వాసం వినడం వల్ల కలుగుతుందన్న పౌలు బోధను పట్టుకుని, వినలేనివాడికి మోక్షమెలాగన్న సంశయం కొన్ని శతాబ్దాలు నడిచింది. పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో అబ్బే ద లెపే అనే మతగురువు ఆ సంశయంతోనే ఇద్దరు చెవిటి అక్కచెల్లెళ్లకు చదువు చెప్పబూనాడు. వాళ్ల సైగలనే ముందు తాను నేర్చుకున్నాడు, వాటిమీదే పాఠం కట్టాడు. బధిరుల బడి చరిత్ర అక్కడి నుంచి మలుపు తిరిగింది. మార్కు సువార్తలో యేసు చెవిటివాణ్ని బాగుచేసిన ఘట్టంలోనూ, జనం నుంచి అతణ్ని పక్కకు తీసుకుపోయి, చెవులనూ నాలుకనూ ముట్టుకున్న తర్వాతే మాట వస్తుంది. వినలేనివాడికి అర్థమయ్యేది ముందు స్పర్శే.

బళ్లలో మాత్రం సైగకు ఈ గౌరవం నిలవలేదు. 1880 సెప్టెంబరులో మిలాన్ నగరంలో బధిర విద్య మహాసభ సైగలకన్నా నోటి మాటే ఉత్తమమని తీర్మానించింది. ఓటు వేసిన వాళ్లలో దాదాపు అందరూ వినపడేవాళ్లే. ఆ తర్వాత చాలా దేశాల బళ్లలో సైగలు నిషేధించారు, పిల్లల చేతులు కట్టేసిన చోట్లూ ఉన్నాయి. 2010లో వాంకూవర్‌లో అదే పరంపరలోని మహాసభ ఆ తీర్మానాలను తోసిపుచ్చి, జరిగిన హానికి విచారం తెలిపింది. మధ్యలో 1960లో విలియం స్టోకో అమెరికన్ సైగభాషకు సొంత నిర్మాణం ఉందని చూపించాడు. 1977 తర్వాత నికరాగ్వా రాజధాని మనాగ్వాలో బడికి వచ్చిన చెవిటి పిల్లలు, ఇళ్ల నుంచి తెచ్చుకున్న ముక్కచెక్క సైగల్లోంచి తమంతట తామే ఒక కొత్త భాషను కట్టుకున్నారు. మన దేశంలో వశిష్ట, వుడ్‌వర్డ్, డి శాంటిస్ అనే పరిశోధకులు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు సైగలను పోల్చి, అవి ఒకే భారతీయ సైగభాషకు మాండలికాలని చెప్పారు. 2015లో ఏర్పడిన భారతీయ సైగభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తెచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటును పట్టి చెప్పాలి. మౌనాన్ని గొప్ప చేసే సంప్రదాయం మనది. దక్షిణామూర్తి మౌనంతోనే శిష్యుల సంశయాలు తీర్చాడని చదివినవాళ్లు, మాట రాని బిడ్డలో కూడా ఏదో దివ్యమౌనం ఉందని తల్లిని ఓదార్చబోతారు. ఆ ఓదార్పు మంచి మనసుతో చేసిందే గాని బిడ్డకు మేలు చేయదు. దక్షిణామూర్తిది అన్ని మాటలూ తెలిసినవాడు ఎంచుకున్న మౌనం. నొప్పి ఎక్కడుందో చెప్పలేక తల గోడకేసి కొట్టుకునే బిడ్డది ఎంచుకున్న మౌనం కాదు. అది తీర్చవలసిన కష్టం.

పద్ధతుల విషయానికి వస్తే, ఒక్క చెవుడే ఉన్న బిడ్డకు పనికొచ్చే లెక్కలు ఈ బిడ్డకు నేరుగా పనికిరావు. వినికిడి యంత్రం గాని కాక్లియర్ ఇంప్లాంటు గాని శబ్దాన్ని అందిస్తాయి. శబ్దంలోంచి మాటను విడదీయడం నేర్చుకోవలసినది మెదడు. వికాస లోపం ఉన్న పిల్లలకు ఇంప్లాంటు వద్దనే రోజులు పోయాయి. ఫలితం మాత్రం బిడ్డకో తీరుగా ఉంటుంది, ప్రగతి నిదానం. ఒకరికి వాక్యాలు వస్తాయి. ఇంకొకరికి తన పేరు వినపడి తిరగడం, రోడ్డు మీద హారన్ పట్టుకోవడం, అమ్మ పాట వినపడితే నవ్వడం వరకే రావచ్చు. అదీ లాభమే. ఇంప్లాంటు చేయిస్తే చాలు, మాట అదే వస్తుందని సంతకం పెట్టించుకునేటప్పుడు ఎవరైనా చెబితే నమ్మకూడదు.

సైగభాషకు చూపు, చేతుల అదుపు, ఎదుటివారి ముఖం మీద ధ్యాస కావాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు చేతులు మాట వినవు, ఆటిజం ఉన్న బిడ్డ ముఖం వైపు చూడకపోవచ్చు. అప్పుడు పూర్తి సైగభాషకు బదులు ముఖ్యమైన మాటలకు మాత్రమే సైగ చేస్తూ, పక్కనే నోటితోనూ చెప్పే పద్ధతి ఉంది. ఇంగ్లాండులో మకటాన్ అనే సైగల పద్ధతి ఇలాగే పుట్టింది. 1970ల మొదట్లో బాట్లీస్ పార్క్ ఆసుపత్రిలో చెవుడు, బుద్ధి వికాస లోపం రెండూ ఉన్న పెద్దవాళ్ల కోసమే మార్గరెట్ వాకర్ దాన్ని మొదలుపెట్టింది. బొమ్మ కార్డు చేతికిచ్చి కావలసినది అడిగే పెక్స్ పద్ధతిని 1985లో అమెరికాలో బాండీ, ఫ్రాస్ట్ ఆటిజం ఉన్న పిల్లల కోసం రూపొందించారు. తెర మీద బొమ్మ నొక్కితే గొంతు పలికే ఆవాజ్ యాప్ చెన్నైలో తయారైంది. చూపు కూడా లేని బిడ్డకు వస్తువులే గుర్తులు. స్నానానికి ముందు చెంబు, బయటికి వెళ్లేముందు చెప్పు చేతిలో పెడతారు. సైగను బిడ్డ చేతుల కింద పెద్దవాళ్ల చేతులుంచి చేసి చూపిస్తారు. బిడ్డ చేతిని లాగి చేయించడం కాదు, బిడ్డ చేయి ఇష్టమైతే వెంట వస్తుంది, లేకపోతే తీసేసుకుంటుంది.

తల్లిదండ్రులను అన్నిటికన్నా ఎక్కువగా వెనక్కి లాగేది ఒక భయం. సైగలు, బొమ్మలు అలవాటైతే నోరు విప్పే ప్రయత్నమే మానేస్తాడని. పెద్దలు నిజాయితీగా పడే భయమిది, అనుభవజ్ఞులైన టీచర్లు కూడా ఒకప్పుడు ఇదే చెప్పేవాళ్లు. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి, గట్టి ఆధారాలు దొరికిన 27 మంది వికాస లోపం ఉన్నవారిని చూశారు. సైగలో పరికరాలో మొదలుపెట్టాక వారిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది. పెరుగుదల చాలామందిలో చిన్నదే. కానీ మాట వస్తుందేమోనని ఎదురుచూస్తూ మూడేళ్లు, నాలుగేళ్లు ఏ దారీ చూపకుండా ఉంచడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మెదడు భాషను అందుకునే తొలి ఏళ్లు తిరిగి రావు.

మారికుప్పం ఇంటి ప్రశ్న ఇక్కడ మళ్లీ వస్తుంది. ఒకే భాష పెట్టుకోండన్న సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. థెరపీ కన్నడంలో జరుగుతుంది కాబట్టి ఇంట్లోనూ కన్నడమే అంటే, అవ్వ ఇక బిడ్డతో మాట్లాడటం మానేయాలి. అమ్మానాన్నలు బెంగళూరు రైలెక్కి పొద్దుపోయే దాకా తిరిగిరాని ఇళ్లలో బిడ్డ ఎక్కువసేపు ఉండేది అవ్వ దగ్గరే. కెనడాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో, రెండు భాషల ఇళ్లలో పెరిగినవాళ్లు ఒకే భాష వాళ్లకన్నా వెనకబడలేదని తేలింది. ఏ భాష అన్నదానికన్నా ఆ భాషలో బిడ్డతో రోజూ ఎవరు, ఎంతసేపు, ఎంత ప్రేమగా మాట్లాడుతున్నారన్నదే ముఖ్యం. సైగలకు ఈ ఊళ్లో ఇంకో లాభముంది. నీళ్లకు చేసే సైగ తెలుగూ కాదు, తమిళమూ కాదు. పక్కింటి తమిళ అక్క, కన్నడ టీచరమ్మ, ఇంటి అవ్వ ముగ్గురూ తమ తమ భాషల్లో నోటితో చెబుతూనే ఒకే సైగ చేయవచ్చు. నాలుగు భాషల వీధిలో బిడ్డకు మారకుండా దొరికే గుర్తు అదొక్కటే. అయితే ఇంటికో సైగ కనిపెట్టుకుంటే ఇల్లు దాటాక అది చెల్లదు. వీలైనంత వరకు భారతీయ సైగభాష నుంచే తీసుకుంటే, రేపు బెంగళూరులో మరో బధిరుడు ఎదురైనా పనికొస్తుంది.

ఇక ఎన్నిక ఎవరిదన్న ప్రశ్న. బిడ్డ తరఫున ఎన్నుకునేటప్పుడు రేపటి దారులేవీ మూయకూడదని అమెరికన్ తాత్వికుడు జోయెల్ ఫైన్‌బర్గ్ 1980లో వాదించాడు. బిడ్డకు తెరిచి ఉన్న భవిష్యత్తు మీద హక్కుందన్నాడు. మాటలు నేర్పించాలనేవాళ్లు, సైగలు నేర్పించాలనేవాళ్లు ఇద్దరూ ఈ వాదాన్ని వాడుకుంటారు. ఈ బిడ్డ విషయంలో అది సగం వరకే సరిపోతుంది. రేపటి పేరు చెప్పి ఇవాళ్టి మాటను ఆపేయడానికి కూడా దాన్నే సాకు చేసుకోవచ్చు. ఇంతకంటే గట్టి కొలత ఇంకొకటుంది. బిడ్డ తరఫున ఎన్నుకునే అధికారం పెద్దలకు ఉన్నది, ఆ బిడ్డ తనంతట తాను ఎన్నుకునే దాకానే. కాబట్టి అందరికన్నా ముందు బిడ్డ చేతికి ఎన్నికను అప్పగించే పద్ధతి ఏదో అదే ధర్మబద్ధమైనది. దీన్ని పరీక్షించడం సులువే. ఆ పద్ధతిలో బిడ్డ "వద్దు" అనగలగాలి. అన్నప్పుడు పెద్దలు దాన్ని మన్నించాలి.

చాలా ఇళ్లలో, చాలా థెరపీ గదుల్లో మొదట నేర్పేవి అన్నం, నీళ్లు, ఉచ్చ, అమ్మ. పెద్దలకు అవసరమైన మాటలవి. చెప్పినదానికి తల ఊపడమే ప్రగతిగా లెక్కిస్తారు. "వద్దు" ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అది నేర్పితే పెద్దలకు కష్టం. కానీ బిడ్డ దగ్గర అది లేకుండా లేదు. కంచం విసిరేయడం, కొరకడం, వినికిడి యంత్రం పీకి పారేయడం అదే. 1985లో కార్, డ్యూరాండ్ అనే మనస్తత్వవేత్తలు, వికాస లోపం ఉన్న పిల్లల్లో ఇలాంటి ప్రవర్తన దేనికోసమో కనిపెట్టి, అదే విషయాన్ని చెప్పే చిన్న మాటను నేర్పితే ఆ ప్రవర్తన తగ్గుతుందని చూపించారు. యంత్రాన్ని పీకేసే బిడ్డకు చెవి నొప్పో, బజారు గోల భరించలేకపోవడమో కావచ్చు. "చాలు" అనే సైగ ఒక్కటి ఇచ్చి, అది చేసినప్పుడల్లా కాసేపు తీసేస్తే, కొన్నాళ్లకు యంత్రం చెవిలో ఉండే సమయం పెరగడానికి మంచి అవకాశముంది. చేతులు వశంలో లేని బిడ్డకు కళ్లు పైకెత్తితే అవును, పక్కకు తిప్పితే కాదు అని ఒప్పందం చేసుకోవచ్చు. ప్రశస్తపాదుడు చెప్పిన ముందస్తు ఒప్పందం ఇదే. ఎదుటివాడు ఆ ఒప్పందాన్ని నిలబెట్టుకోకపోతే సైగ వట్టి కదలికగా మిగిలిపోతుంది.

ఈ దృష్టితో చూస్తే ఒక పద్ధతిని ఎంచడమంటే దానికి జీవితాంతం కట్టుబడటం కాదు. ఆరు నెలలకోసారి బిడ్డ ఏం చెప్పగలుగుతోంది, ఎవరికి చెప్పగలుగుతోంది అని చూసి మార్చుకోవాలి. ఇందుకు సాయపడే పెద్ద సంస్థలు కర్ణాటకలోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మైసూరులో, వినికిడి లోపాల జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం, బుద్ధి వికాస లోపాల జాతీయ సంస్థ రెండూ సికింద్రాబాదులో ఉన్నాయి. రెండు గుమ్మాల మధ్య తిరగలేని బిడ్డల కోసం, బహుళ వైకల్యాల జాతీయ సంస్థ 2005లో చెన్నై దగ్గర ముట్టుకాడులో వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బహుళ వైకల్యాన్ని గుర్తించింది, సంభాషణ అన్నదానిలో సైగలనూ స్పర్శనూ బొమ్మలనూ పరికరాలనూ కూడా చేర్చింది, వినపడని పిల్లలకు వారికి తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలంది. కోలారు జిల్లా పల్లె నుంచి ఈ ఊళ్లకు పదేపదే తిరగడం కూలి ఇంటికి భారమే. అందుకే అక్కడ ఒకసారి నేర్చుకున్నది అంగన్‌వాడీ టీచరుకూ బడికీ చేరేలా చూసుకోవడం అంత అవసరం.

బిడ్డకు పద్దెనిమిది నిండాక ఈ ప్రశ్న కొత్త రూపంలో వస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్న పెద్దవారికి జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుణ్ని నియమించవచ్చు. 2016 చట్టం దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి, అవసరమైన మేరకే, ఆ వ్యక్తితో సంప్రదించి, ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకునే పరిమిత సంరక్షణను చెప్పింది. సంప్రదించాలంటే ఆ వ్యక్తి ఎలా అవునంటాడో, ఎలా కాదంటాడో సంరక్షకుడికి తెలిసి ఉండాలి. చాలా ఇళ్లలో ఇది తెలిసినది తల్లి ఒక్కతే. ఆమెకు ఏమైనా అయితే బిడ్డ భాష మొత్తం పోతుంది. బిడ్డ చేసే ప్రతి సైగకు, చూపుకు, శబ్దానికి అర్థమేమిటో, దానికి ఎదుటివాళ్లు ఏం చేయాలో ఒక నోటు పుస్తకంలో తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, ఫోటోలు అంటించి, బిడ్డతో పాటు ప్రతి చోటికీ పంపే అలవాటు దీనికి మంచి మందు. తండ్రి, అన్నదమ్ములు, మేనమామ, బడి ఆయా అందరూ అది చదివి, ఆ సైగలు బిడ్డతో చేసి చూడాలి. పుస్తకంలో మొదటి పేజీ బిడ్డ "వద్దు" ఎలా అంటుందో చెప్పేది కావాలి. కమిటీ ముందు సంరక్షకుడి కోసం దరఖాస్తు పెట్టే రోజున ఆ పుస్తకమూ జత చేయాలి.